దింపుడు కల్లం రాయి దాకా

బయల్దేరక ముందు

“చావుల మ్యూజియం చూడ్డానికి వెళ్తున్నాను” అని చెబితే మా ఆడపడుచు ఫోన్లో మెల్లిగా, “వదినా, పోనీ తిరుపతి వెళ్ళి రాకూడదూ?” అంది. తిరుపతి ఎక్కడికీ పోదు, ఇలాంటి మ్యూజియం ఎన్నాళ్ళుంటుందో ఎవరికి తెలుసు అన్నాను. నా సంగతి తెలిసిన మనిషి కాబట్టి జాగ్రత్త అని పెట్టేసింది.

మాది తణుకు. ఉద్యోగమంతా పోస్టాఫీసు కౌంటర్లో గడిచింది. ఎవరైనా “ఇది కుదరదు” అంటే “ఏ రూల్ ప్రకారం?” అని అడగడం నాకు అక్కడే అలవాటైంది. మూడేళ్ళ కిందట మా వారు పోయినప్పుడు కూడా నా నోట అదే మాట వచ్చింది. ఆయన్ని బండి ఎక్కించారు. వెనకే నేనూ ఎక్కబోతే వాళ్ళ పెదనాన్నగారి అబ్బాయి చెయ్యి అడ్డం పెట్టి, ఆడవాళ్ళు గేటు దాటకూడదన్నారు. ఏ రూల్ ప్రకారం అన్నాను. ఆనవాయితీ అన్నారు. ఎవరు పెట్టారన్నాను. అలాంటి సమయంలో అలా అడిగే ఆడదాన్ని వాళ్ళు అంతకుముందు చూసినట్టు లేరు. ఇద్దరు నా జబ్బలు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళిపోయారు. బండి వీధి మలుపు తిరగడం కూడా నేను చూడలేదు.

ఆ కోపం నాకు ఇవాళ్టికీ తగ్గలేదు. తర్వాత చాలామందిని అడిగాను. ఆడవాళ్ళ గుండె సున్నితం, తట్టుకోలేరని ఒకరన్నారు. ఇంట్లో దీపం చూసుకోవడానికి ఒకరు ఉండాలిగా అని మరొకరు. మైల అని ఇంకొకరు. ఒకే ప్రశ్నకు తలా ఒక జవాబు చెబుతున్నారంటే ఎవరికీ తెలీదన్నమాట. అలాంటి రోజుల్లో ఫోన్లో ఒక చిన్న వీడియో చూశాను. బోధన్ అవతల ఒక పల్లెలో రిటైరైన డ్రాయింగు మాస్టారు ఒకాయన చావుకు సంబంధించిన వస్తువులన్నీ పోగేసి మ్యూజియం పెట్టారట. ఈ ఆచారాలన్నీ పోగేసిన మనిషికి ఇదెక్కడ మొదలైందో తెలిసి ఉంటుంది, ఆయన్నే అడుగుదామని సంచి సర్దుకున్నాను.

నిజామాబాద్‌లో పసుపు

నేను దిగేసరికి నిజామాబాద్‌లో పసుపు సీజను. మార్కెట్ యార్డు వైపు నుంచి గాలి వీస్తే చాలు, తుమ్ములు. నేనెక్కిన ఆటో సీటు పసుపు, డ్రైవరు చొక్కా కాలరు పసుపు. మా వైపు పసుపును చిటికెడుగా చూసిన కళ్ళకు అక్కడి కొమ్ముల గుట్టలు ఒక పట్టాన నమ్మబుద్ధి కాలేదు. గుట్టల మధ్య ఒకాయన మరాఠీలో, ఇంకొకాయన తెలుగులో బేరమాడుకుంటున్నారు. ఇద్దరికీ రెండో భాష రాదనుకుంటాను, అయినా బేరం కుదిరింది.

ఆటో డ్రైవరు ఏ పని మీద వచ్చానని అడిగాడు. చెప్పాను. బండి నెమ్మది చేసి అద్దంలో నన్ను పరీక్షగా చూశాడు.

“సావుల మ్యూజియమా? మంచిగనే ఉన్నరు గదమ్మా. గింత జల్ది ఏమొచ్చింది?”

“చూసి వచ్చేస్తానయ్యా, ఉండిపోవడానికి కాదు.”

“గట్లయితె పర్వాలేదు” అని నవ్వాడు. దిగేటప్పుడు మాత్రం నేనిచ్చిన నోటును కళ్ళకద్దుకోకుండానే జేబులో పెట్టుకున్నాడు. నాతోపాటు ఎక్కి అంతకుముందు దిగినావిడ ఇచ్చిన నోటును అద్దుకోవడం నేను చూశాను.

స్టేషను దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. కౌంటర్లో కళావతి అని నా ఈడు మనిషి ఉంది, లాడ్జి ఆమెదే. రాత్రి భోజనానికి ఏది బాగుంటుందంటే జొన్నరొట్టె, అంకాపూర్ నాటుకోడి కూర తెప్పించి పెట్టింది. గోదావరి జిల్లా దాన్ని, కారం నాకు కొత్త కాదనుకుని మొదటి ముద్ద గట్టిగానే పెట్టాను. కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు. కళావతి పచ్చిపులుసు గిన్నె నా వైపు జరిపి, “గిది తాగున్రి, సల్లవడ్తది” అంది. మా పచ్చిపులుసులో బెల్లం ముక్క పడాల్సిందే. ఇక్కడ బెల్లం లేదు, కాల్చిన మిరపకాయ ఉంది. చల్లబడలేదు కానీ రుచికి ఇంకో గిన్నె అడిగాను.

కూర్చోకూడని చోట

మర్నాడు పొద్దున్నే బోధన్ బస్సెక్కాను. దారి పొడుగునా వరి, మధ్యలో చెరుకు. ఒకప్పుడు ఈ చెరుకంతా ఇక్కడి ఫ్యాక్టరీకే వెళ్ళేదట. అది మూతపడ్డాక దూరాలకు పోతోందని పక్క సీటాయన చెప్పాడు. మా తణుకులో సీజనులో ఊరంతా పాకం వాసన వేస్తుంది. కిటికీలోంచి తల బయటపెట్టి ఆ వాసన కోసం చూశాను. దుమ్ము వాసన తప్ప ఏమీ లేదు.

బోధన్‌లో దిగి, మోస్రా వైపు వెళ్ళే షేర్ ఆటో ఎక్కాను. నేను చేరవలసిన పల్లె పేరు ఇక్కడ రాయడం లేదు. రాయొద్దని వాళ్ళడిగారు, ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. ఆటో నన్ను ఊరి బయట రోడ్డు మీద దించేసి వెళ్ళిపోయింది. రోడ్డు వెడల్పు చేస్తున్నట్టున్నారు, ఒక పక్కంతా తవ్వి ఎర్రమట్టి పోశారు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. రోడ్డు పక్కన వేపచెట్టు నీడలో మనిషి పొడుగు నల్లటి బండ ఒకటి చదునుగా, నున్నగా కనిపించింది. నాకోసమే వేసినట్టుందనుకుని కూర్చున్నాను. కళావతి కట్టిచ్చిన మక్కగారెలు, అంటే మొక్కజొన్న గారెలు, విప్పాను. దారిన పోయే సైకిలాయన నన్ను చూసి సైకిలు దిగి, మళ్ళీ ఎక్కి, వేగంగా తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. నేను రెండో గారె తీశాను.

“ఓ అమ్మా! లే! ముందుగాల లే!”

పొలం గట్టు మీంచి ఒక సన్నటి ముసలామె చేతిలో కొడవలితో పరుగులాంటి నడకతో వస్తోంది. గారె చేతిలో పట్టుకునే లేచి నిలబడ్డాను.

“గది కూసునే రాయి కాదు. మా పీనిగలను దించే రాయి” అంది ఆయాసపడుతూ. “బతికున్నోళ్ళు ఎవలు కూసోరు. ఏ ఊరమ్మా మీది?”

ఊరు చెప్పాను. వచ్చిన పనీ చెప్పాను. ఆమె కొడవలి నడుముకు దోపుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత నవ్వాపుకోలేకపోయింది. “మ్యూజియం సూడనీకె వచ్చి, ఆడికి పోకముందె రాయి మీద ఎక్కి తింటున్నవా? మస్తున్నవ్ పో!”

ఆవిడే సాయవ్వ. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అన్నాను. ఆమె నన్ను చెల్లె అంది.

దింపుడు కల్లం అన్న మాట మనందరం వాడేదే. ఇక ఏమీ లాభం లేదని తెలిసీ మిగిలే ఆశకు ఆ పేరు పెట్టుకున్నాం. శ్మశానానికి వెళ్ళే దారిలో పాడెను ఒకచోట దించి, అయినవాళ్ళు చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఉంటే లేస్తారేమోనని. ఆ మాట వాడటమే తప్ప ఆ చోటు నేనెప్పుడూ చూడలేదు. చూసే వీలు మా ఆడవాళ్ళకు లేదు. తీరా చూసినప్పుడు దాని మీద కూర్చుని గారెలు తిన్నాను.

కాంటా గది

సాయవ్వే నన్ను మ్యూజియానికి తీసుకెళ్ళింది. అది ఉన్నది పాత కాంటా గదిలో. చెరుకు బళ్ళు తూకం వేసే రోజుల్లో గుమాస్తా కూర్చునే గది అది. డ్రాయింగు మాస్టారు రాజేశ్వర్ సార్ దానికి సున్నం వేయించి, పక్కనే రేకుల షెడ్డు ఒకటి కలుపుకున్నారు. పొడుగ్గా, వంగిన భుజాలతో ఉన్నారు. గుమ్మంలోనే బకెట్‌తో నీళ్ళున్నాయి, వెళ్ళేటప్పుడు కాళ్ళు కడుక్కోవడానికి. అవి పెట్టకపోతే ఊళ్ళో ఎవరూ లోపలికి రాలేదన్నారు.

మొదటి గదిలో పచ్చి వెదురు పాడె గోడకు ఆనించి ఉంది. పచ్చిదెలా అంటే, ఎండగానే తీసేసి కొత్తది కట్టిస్తారట. మూడు తాళ్ళ ఉట్టిలో నిప్పుకుండ. ముందు నడిచే జంగమయ్య ఊదే శంఖం, గంట. ఇక్కడ కొందరు శవాన్ని కూర్చోబెట్టి పూడుస్తారు. గోతిలో పక్కకు గూడు తవ్వి, చేతిలో లింగం పెట్టి, ధ్యానంలో ఉన్నట్టు కూర్చోబెడతారు. దానికి మట్టితో ఒక నమూనా చేశారు సార్. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. మా వైపు పడుకోబెట్టి పంపడమే తెలుసు. కూర్చున్న మనిషిని చూస్తే ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టుంది.

మూడోరోజు పిట్టకు పెట్టే విస్తరి కూడా ఉంది. మట్టితో చేసి రంగులేసిన అన్నం, మటను, పక్కన కల్లు సీసా. పోయినవాళ్ళకు ఏది ఇష్టమైతే అది పెడతారట. మా ఇళ్ళలో ఆ రోజుల్లో పప్పూ, పచ్చడీ కూడా ఉప్పూకారం తగ్గి చప్పగా వస్తాయి. మా వారికి రొయ్యల వేపుడంటే ప్రాణం. ఆయనకు పెట్టింది ఆనపకాయ.

రెండో గదిలో పొలాలు దున్నేటప్పుడు, కాలవలు తవ్వేటప్పుడు దొరికిన కుండలున్నాయి. లోపల నలుపు, బయట ఎరుపు. పెద్ద రాళ్ళు గుండ్రంగా పేర్చి, మధ్యలో మనుషుల్ని పాతిపెట్టిన కాలం నాటివి. ఎముకలతో పాటు కుండల్లో తిండి, పక్కన ఇనుప కొడవలి. చచ్చినవాళ్ళకు ఆకలేస్తుందని, పనికి పోతారని అప్పటివాళ్ళు అనుకున్నారు కాబోలు.

నేను వచ్చిన పని అక్కడ బయటపెట్టాను. “సార్, అప్పుడు ఆడవాళ్ళు పాతిపెట్టే చోటిదాకా వెళ్ళేవారా? ఆపడం ఎప్పుడు మొదలైంది? ఎవరు మొదలెట్టారు?”

ఆయన కుండ మీద దుమ్ము తుడుస్తూ తల అడ్డంగా ఊపారు. “బొక్కలు, గదే ఎముకలు, సూస్తె ఎవరు సచ్చిండ్రో తెలుస్తదమ్మా. ఎవరు ఏడ్సిండ్రో తెల్వదు. ఎవరు వచ్చిండ్రో, ఎవరిని ఆపిండ్రో అసలే తెల్వదు. నేను గూడ శానా వెతికిన.”

అంత దూరం వెళ్ళింది ఆ జవాబు కోసం. నిజం చెప్పొద్దూ, నాకు నీరసం వచ్చింది. అయినా ఆయన మీద గౌరవం పెరిగింది. తెలీదని చెప్పిన మొదటి మనిషి ఆయనే.

గది మధ్యలో ఇటుకలతో కట్టిన కొత్త దిమ్మె ఒకటి ఖాళీగా ఉంది. దాని మీద ‘దింపుడు కల్లం రాయి’ అని బోర్డు అప్పటికే తగిలించారు. రోడ్డు పని వాళ్ళ జేసీబీ రేపు ఆ వేపచెట్టు దగ్గరికి వస్తుందట. రాయి మట్టి కింద పడిపోకుండా సార్ అధికారుల చుట్టూ తిరిగి, ఊరి పెద్దల్ని ఒప్పించి, మ్యూజియంలోకి తెచ్చే ఏర్పాటు చేశారు. “మీరు చాలా మంచి పని చేస్తున్నారు సార్!” అన్నాను మనస్ఫూర్తిగా.

గుమ్మంలో నిలబడ్డ సాయవ్వ నా మొహంలోకి చూసింది. “ఏం మంచి పని చెల్లె? మా ఊర్ల ఆడోళ్ళు రాయి దాక వస్తరు. పీనిగను దించినంక, చెవుల పిలిసినంక, ఆడికెల్లి మల్లుతరు. రాయి తెచ్చి గీ రూముల వెడ్తె మేము ఏడిదాక రావాలె? వాకిట్లనే నిలవెడ్తరు.”

ఈ ఊళ్ళో ఆడవాళ్ళకు రాయి దాకా ఉంది. మాకు గేటు దాకానే. ఉన్న ఆ కాస్త దూరాన్నీ గాజు పెట్టెలో పెడుతుంటే నేను చప్పట్లు కొట్టాను.

“రాయి పగిలి మట్టిల కలిస్తె నీకు మంచిగనిపిస్తదా సాయవ్వా?” అన్నారు సార్.

“పగులనీయను. గీడికి రానీయను” అంది సాయవ్వ.

భూమన్న మంచం

సాయవ్వ నన్ను చాయ్‌కి ఇంటికి తీసుకెళ్ళింది. నులక మంచంలో ఆమె భర్త భూమన్న పడుకుని ఉన్నాడు. పక్షవాతం వచ్చి ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది కానీ నాలుక మీద వెటకారం ఎక్కడికీ పోలేదు.

“నేనింకా పోనేలె” అన్నాడు నన్ను చూసి. “ఊరంత రాయి పంచాది వెట్టిండ్రు. సూస్తున్నవా బిడ్డా?”

“నువ్వు జర నోరు మూస్కోని చాయ్ తాగు” అని ఆమె చెంచాతో పోసింది. గడ్డం మీద కారింది కొంగుతో తుడిచింది. డాక్టరు ఇక ఇంట్లోనే ఉంచుకోమన్నాడని నాకు ముందే గుమ్మం బయట చెప్పింది. ఆయనకు చెప్పలేదంది. ఆయనకు తెలుసని నాకు అనిపించింది.

ఆయన చెరుకు బండి తోలేవాడు. పెళ్ళైన ఏడాది నుంచీ ఆమె ఆ బండి వెనకాలే కాంటా దాకా నడిచిందట, జారిపడే గడలు ఏరుకుంటూ. వాళ్ళకు కొడుకుల్లేరు. ఇద్దరూ ఆడపిల్లలే, ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి.

“కొరివి బావ కొడుకు వెడ్తడు. పెట్టనీ, నేను కొట్లాడ” అంది సాయవ్వ. “కని ఈయన ఎంబడి ఏడికైన నడిసిన. ఆఖరుకు గూడ ఎంబడి నడుస్త. నేను, నా బిడ్డలు. వాకిట్ల నిలవడుమంటె నిలవడం.”

ఆ మాటకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను నిలబడ్డాను కదా. నన్ను నిలబెట్టారు కదా.

అలవాటు చొప్పున నోటికొచ్చింది అడిగాను. “అక్కా, మీ ఊళ్ళో రూలు ఆ చోటుకా, ఆ రాయికా?”

“ఏంది?”

“ఆడవాళ్ళు వేపచెట్టు దాకా రావాలనా, రాయి దాకా రావాలనా?”

సాయవ్వ ఖాళీ గ్లాసులో చెంచా తిప్పుతూ కూర్చుంది. గ్లాసు కింద పెట్టి, “రేపు వస్తవా చెల్లె?” అంది. మర్నాడు మధ్యాహ్నం నాకు తిరుగు రైలు. వస్తానన్నాను. టికెట్ పోతే పోయింది.

లాడ్జికి తిరిగొచ్చేసరికి కళావతి మెట్ల మీదే ఆపేసింది. “గాడికి పోయొచ్చిండ్రు గదా, తానం జేసి లోపటికి రండ్రి” అని వెనక పెరట్లో కుళాయి చూపించింది. అవి మ్యూజియం వస్తువులమ్మా, ఎవరూ పోలేదు అన్నాను. పాడె ముట్టుకున్నారా లేదా అంది. ముట్టుకున్నాను. బట్టలతోనే తల మీంచి నీళ్ళు పోసుకుని గదిలోకి వెళ్ళాను. వెనకాలే వేడి చాయ్ పంపింది, దానికి డబ్బులు తీసుకోలేదు.

రాయి ఎక్కిన ట్రాక్టరు

మర్నాడు నేను వెళ్ళేసరికి వేపచెట్టు దగ్గర ఊరంతా ఉన్నట్టుంది. జేసీబీ ఒక పక్క గురగురలాడుతోంది. రాయిని ఎక్కించడానికి చెరుకు తోలే ట్రాక్టరు ట్రాలీ ఒకటి సిద్ధంగా ఉంది. మగవాళ్ళు రాయికి ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. సాయవ్వ మధ్యలో నిలబడి ఉంది, ఇవాళ కొడవలి లేదు. ఊరి పెద్ద లింగన్న తెల్ల ధోవతి, భుజాన తువ్వాలతో వచ్చాడు. సాయవ్వకు వరసకు మామ.

రాజేశ్వర్ సార్ పూలదండ తెచ్చి రాయి మీద పెట్టారు. అందరూ ఆయన మాట కోసం చూస్తున్నారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

“రూముల దిమ్మె కట్టిన. బోర్డు గూడ రాసిన” అన్నారు. “కని సాయవ్వ అన్న మాట రాత్రి సంది మనసుల మెదుల్తున్నది. ఎవలు వాడని వస్తువులు తెచ్చి పెట్టుకున్న నేను, గిన్ని రోజులు. వాడుతున్నదాన్ని తెచ్చి పెడ్తె గది దాసిపెట్టుడు కాదు, గుంజుకునుడు. నాకు వద్దు.”

ఆ దిమ్మె కోసం ఆయన ఎంత తిరిగారో నాకు తెలుసు. మాట పూర్తి చేసి వెంటనే కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

లింగన్నకు కోపం వచ్చింది. “మరి గీ రాయిని ఏం జెయ్యాలె? మిషినోడు ఆగుతడా?”

“రాయిని ఇంకోతాన పెడదాం మామా” అంది సాయవ్వ. “ముందుగాల నాకొక్క ముచ్చట చెప్పు. మన ఊర్ల ఆడోళ్ళు ఏడిదాక రావాలె?”

“రాయి దాక. నీకు తెల్వదా?”

“గీ యాపచెట్టు దాకనా, రాయి దాకనా?”

“రాయి దాకనే. తాతల కాడికెల్లి గదే రివాజు. ఏందే నీ లొల్లి?”

“అందరు ఇన్నరా?” అని సాయవ్వ ఆడవాళ్ళ వైపు తిరిగింది. “మామ నోటితోనె చెప్పిండు.”

విన్నామన్నారు. లింగన్నకు ఇంకా అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

జేసీబీ తొట్టితో రాయిని లేపి ట్రాలీలో పెట్టారు. సాయవ్వ ట్రాక్టరు ముందు నడిచింది. ఆమె వెనక ఆడవాళ్ళు, వాళ్ళతో నేను. రోడ్డు పని దాటాక కాస్త ఖాళీ జాగా వచ్చింది. ట్రాక్టరతను ఆపాడు.

“ఇంక ముందటికి” అంది సాయవ్వ.

కాలవ మీద కల్వర్టు దగ్గర, చింతచెట్టు నీడ బాగానే ఉంది, మళ్ళీ ఆపాడు.

“ఇంక ముందటికి.”

మగవాళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి. ఎదురుగా పంచాయతీ వాళ్ళు కట్టిన శ్మశానం, వైకుంఠధామం గేటు కనిపిస్తోంది. లోపల రేకుల పందిరి, దాని కింద దహనం చేసే దిమ్మె, చుట్టూ కొత్తగా వేసిన మొక్కలు. ట్రాక్టరు గేటు ముందు ఆగింది. తోలే అతను లింగన్న వైపు చూశాడు. లింగన్న చేతులు రెండూ చాపి గేటుకు అడ్డం నిలబడ్డాడు.

“గిక ఆపు! లోపటికి ఆడోళ్ళు రావొద్దు.”

“ఆడోళ్ళు వస్తుండ్రని ఎవలన్నరు మామా?” అంది సాయవ్వ. “రాయి వస్తున్నది. రాయి లోపటికి రావొద్దని రివాజున్నదా?”

లింగన్న రాజేశ్వర్ సార్ వైపు చూశాడు. సార్ ఆకాశం వైపు చూస్తున్నారు.

“ఉన్నదా మామా?”

“రాయికి రివాజేందే?”

“గదే నేను గూడ అంటున్న.”

ఆడవాళ్ళలోంచి లింగన్న భార్యే ముందుకొచ్చింది. బొద్దుగా, చేతినిండా గాజులతో ఉంది. “అడ్డం జరుగు, ఎండకు తల తిరుగుతున్నది” అంది భర్తతో. “లోపట పెట్టనీ. రేపు నీ ఎంబడి నేను గూడ ఆడిదాక వస్త.”

“నా ఎంబడా? ముందుగాల నేనే సస్తనని ఎవలు చెప్పిండ్రే నీకు?”

మగవాళ్ళతో సహా అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వులో లింగన్న చేతులు వాటంతటవే దిగాయి. ట్రాక్టరు గేటులోంచి లోపలికి వెళ్ళింది. గేటు దగ్గర ఆడవాళ్ళు ఒక్కసారి తటపటాయించారు. నా కాళ్ళు కూడా ఆగాయి. నాకు అరవై దగ్గర పడుతున్నాయి, ఏ కౌంటర్లోనూ ఎవరికీ భయపడలేదు, ఆ గేటు దగ్గర మాత్రం ఎవరో నా జబ్బ పట్టుకుంటారని ఎదురుచూశాను. ఎవరూ పట్టుకోలేదు. సాయవ్వ వెనక్కి చూడకుండా వెళ్ళిపోతోంది. నేనూ నడిచాను.

రాయిని ఎక్కడ దించాలో ఆమే చూపించింది. దహనం దిమ్మెకు ఆనుకుని, తల వైపు. గడ్డపారలతో జరిపి, కింద మట్టి సర్ది, చదును చేసేసరికి మగవాళ్ళ చొక్కాలు తడిసిపోయాయి. పని మాత్రం శ్రద్ధగా చేశారు, ఆ మాట చెప్పాలి. రాయి మీద మొదట ఎవరి శవాన్ని దించుతారో అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ ఆ పేరు ఎత్తలేదు.

లింగన్న తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. పెద్దరికం కొంచెమైనా మిగుల్చుకోవాలి కాబట్టి గొంతు పెంచాడు.

“మంచిది. ఇయ్యాల్టి సంది ఆడోళ్ళు గీడిదాక రావచ్చు. కని గీడిదాకనే! గీడికెల్లి ముందటికి ఒక్క అడుగు గూడ లేదు, చెప్తున్న!”

సాయవ్వ రాయి పక్కన నేల మీద కూలబడింది. పొద్దుటి నుంచీ నిలబడే ఉంది. దిమ్మె మీద నల్లగా పేరుకున్న బూడిద వైపు చూసింది. మాట్లాడినప్పుడు ఆమె గొంతులో కొట్లాట లేదు.

“గీడికెల్లి ముందటికి ఎవలొస్తరు మామా? ముందటికి పోయేటోడు ఆయనొక్కడే.”

లింగన్న తువ్వాలు భుజాన వేసుకున్నాడు. నేను సాయవ్వ పక్కన మట్టిలో కూర్చుని, మూడేళ్ళ నుంచి కోపం కింద తొక్కిపెట్టిన ఏడుపంతా ఏడ్చాను. నన్ను ఎవరూ ఇంటికి పొమ్మనలేదు.